పడుగు దిగినాక

నారాయణపేట ఆడవాళ్ళు చీర కొనాలంటే మాటలు కాదు. అంచులో గుడి వరస తప్పకుండా వచ్చిందా, గళ్ళు ఎక్కడైనా వంకర పోయాయా, రంగు ఉతుక్కి నిలుస్తుందా, కొంగు నిండుగా ఉందా అని ముందు చూస్తారు. ఆ తర్వాత వెనక్కి తిప్పి చూస్తారు. దుకాణంలో పది చీరలు విప్పించి, పదకొండోది అడిగి, చివరికి మొదట చూసిందే కొంటారు. కొన్నాక కూడా ఇంటికొచ్చి వాకిట్లో వెలుతురులో ఇంకోసారి విప్పి చూసుకుంటేగాని మనసు కుదుటపడదు.

వెయ్యి రెండు వేల చీరకే ఇంత పరీక్ష పెట్టే మనం, కడుపున పుట్టిన పిల్ల చేతికి ఉద్యోగం కాగితం వస్తే ఏం చూస్తాం? జీతం ఎంతో చూస్తాం. అంతే!

నేనూ అంతే చూశాను. 2022లో మా అమ్మాయికి హైదరాబాదులో ఒక బట్టల కంపెనీలో డిజైనరు ఉద్యోగం వచ్చింది. పద్నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం. మా వారు ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవారు కాబట్టి తిన్నగా అంకెలున్న పేజీకి వెళ్ళారు. నెలకింత, సంవత్సరానికింత, కోతలు పోగా చేతికింత అని లెక్క తేల్చి, "పరవాలేదు" అన్నారు. ఆయన నోట "పరవాలేదు" అంటే మిగతావాళ్ళ నోట "బ్రహ్మాండం" అన్నట్టు. నేను దేవుడి ముందు కొబ్బరికాయ కొట్టాను. అమ్మాయి పేజీకో సంతకం చొప్పున పద్నాలుగు సంతకాలు పెట్టింది. వీధిలో పేడాలు పంచాం. మిగిలిన పదమూడు పేజీల్లో ఏముందో ఇంట్లో ఒక్కరం కూడా చదవలేదు.

మూడేళ్ళు చేసింది. మంచి పేరే తెచ్చుకుంది. కానీ దానికి ఊరి మీద గాలి మళ్ళింది. "అమ్మా, అక్కడ కూర్చుని కంప్యూటర్లో నారాయణపేట అంచు గీస్తున్నాను. ఆ అంచు నేసే మగ్గం మన ఇంటి వెనకాల ఉంది. నేనే వచ్చి నాయనమ్మతో, మన వీధివాళ్ళతో నేయిస్తే పోలా?" అంది. మా అత్తమ్మ పుట్టిల్లు నేతవాళ్ళదే. ఆమె చెయ్యి సాగినన్నాళ్ళూ వెనకింట్లో గుంట మగ్గం చప్పుడు ఆగలేదు. ఈ మధ్య కళ్ళు ఆనక ఆగింది గాని, ఆ మగ్గం మీద దుమ్ము పడనివ్వదు.

సరే, అమ్మాయి పద్ధతి ప్రకారం రాజీనామా ఇచ్చింది. చెప్పిన గడువు మొత్తం పనిచేసింది. కంప్యూటరు అప్పజెప్పింది, కాగితాలు అప్పజెప్పింది, సెలవు పుచ్చుకుని వచ్చేసింది. నూలు తెప్పించింది, రంగులు మాట్లాడుకుంది, ఇద్దరు నేతగాళ్ళతో కూలి ఖాయం చేసుకుంది. ఇక పడుగు ఎక్కించడమే తరువాయి. మా దగ్గర పడుగు ఒకసారి మగ్గానికి ఎక్కిస్తే ఎనిమిది చీరలు దిగుతాయి. మొదటి ఎనిమిదిలో ఒకటి నాకని అప్పటికే దాచుకోమని చెప్పాను కూడా.

అదిగో, అప్పుడు వచ్చింది రిజిస్టరు ఉత్తరం.

సారాంశం ఏమిటంటే, మీరు సంతకం పెట్టిన కాగితంలో పదకొండో పేజీలో ఇలా ఉంది: ఉద్యోగం మానేశాక రెండేళ్ళపాటు భారతదేశంలో ఎక్కడా చేనేత బట్టల డిజైను పని గాని, వ్యాపారం గాని, స్వయంగా గాని ఇంకొకరి తరఫున గాని చేయరాదు. చేస్తే అయిదు లక్షలు కట్టాలి. మీరు ఆ పని మొదలుపెట్టారని తెలిసింది, వెంటనే ఆపండి. ఇంత!

అయిదు లక్షలు అన్న అంకె చూడగానే మా వారికి మిగతా ఉత్తరం కనిపించలేదు. కాగితం అంటే ఆయనకు మొదటినుంచీ భయం. కరెంటు బిల్లు కూడా గడువుకు వారం ముందే కట్టేస్తారు. "సంతకం పెట్టినంక ఇంకేమున్నది? రెండేండ్లు ఊకుంటే పోతది" అన్నారు. అమ్మాయి ఏమీ అనలేదు. నూలు మూటలు తీసుకెళ్ళి అటక మీద పెట్టించింది. నేతగాళ్ళకు కబురు పంపింది. తర్వాత నాలుగు నెలలు ఆ పిల్ల ఇంట్లో ఎలా తిరిగిందో చెప్పలేను. అన్నం తినేది, గిన్నెలు కడిగేది, టీవీ ముందు కూర్చునేది. పెన్సిలు మాత్రం ముట్టుకోలేదు. ఓసారి పాలవాడి లెక్క రాయమని కాగితం ఇస్తే, లెక్క రాసి, పక్కన అలవాటు కొద్దీ చిన్న గుడి అంచు గీసి, గభాలున కొట్టేసింది. ఎవరైనా చూస్తారేమో అన్నట్టు! నా గుండె కలుక్కుమంది.

మా అత్తమ్మకు ఇదంతా అర్థం కాలేదు. "ఏమైంది బిడ్డా? మగ్గం ఎందుకు ఎక్కిస్తలేవు?" అని రోజూ అడిగేది. ఒకరోజు నేనే కూర్చుని విడమరిచి చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "కొల్వు ఇడిసిపెట్టి వచ్చినంక గూడ చేతికి తాళమేస్తరా? తాళంచెవి ఎవ్వరి దగ్గర ఉంటదట?" అంది.

చదువురాని మనిషి వేసిన ప్రశ్నకు చదువుకున్న ముగ్గురం జవాబు చెప్పలేకపోయాం. ఆ ఆదివారం అమ్మాయినీ, మా వారినీ వెంటబెట్టుకుని, ఆ పద్నాలుగు పేజీలూ పట్టుకుని మా వీధి చివర ఉండే వకీలు సాబు ఇంటికి వెళ్ళాను. ఆయన ఒకప్పుడు మా వారి దగ్గర లెక్కలు నేర్చుకున్నవారే.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. పద్నాలుగు పేజీలూ చదివారు. టీ చల్లారిపోయింది. మూడేళ్ళ కింద మేం చేయాల్సిన పని ఇదే కదా అని నాకు సిగ్గేసింది.

"సార్, మీకు 1872 గుర్తుందా?" అన్నారు కాగితం మడుస్తూ.

"నేను ఎంత ముసలోణ్ణయినా అప్పటికి పుట్టలేదు" అన్నారు మా వారు. నాలుగు నెలల్లో ఆయన వేసిన మొదటి హాస్యం అది.

"ఆ సంవత్సరం వచ్చింది మన ఇండియన్ కాంట్రాక్టు చట్టం. ఇప్పటికీ అదే నడుస్తున్నది. అందులో ఇరవై ఏడో సెక్షను అని ఒకటి ఉంది. చట్టం ఒప్పుకున్న వృత్తి, వ్యాపారం, పని ఏదైనా సరే, దాన్ని చేసుకోకుండా ఒక మనిషిని ఆపే ఒప్పందం, ఆపినంత మేరకు చెల్లదు. సంతకం ఉన్నా చెల్లదు, స్టాంపు ఉన్నా చెల్లదు. ఒక్క మినహాయింపు ఇచ్చారు. నువ్వు నీ దుకాణాన్ని, దాని పేరుప్రతిష్ఠలతో సహా అమ్మేశావనుకో. కొన్నవాడు 'ఇదే పేటలో మళ్ళీ ఇదే దుకాణం పెట్టకు' అని అడగొచ్చు. అదీ న్యాయమైన మేరకే. పేరుకు డబ్బు తీసుకుని, పక్కనే ఇంకో దుకాణం తెరిస్తే కొన్నవాడి గతేం కాను? మన అమ్మాయి దుకాణం అమ్మలేదు కదా. మూడేళ్ళు పని అమ్మింది, జీతం తీసుకుంది. అంతే."

"అయితే ఆ కాగితం ఉత్తదేనా అంకుల్?" అంది అమ్మాయి. ఆ పిల్ల గొంతులో అంత ఆశ విని నాకు కళ్ళు చెమర్చాయి.

"అన్నీ ఉత్తవి కావు బిడ్డా. అదే చెప్తా విను. ఉద్యోగంలో ఉన్నప్పటి మాట వేరు, మానేసిన తర్వాతి మాట వేరు." అని ఆయన వరసగా కేసులు చెప్పుకొచ్చారు. నాకు అర్థమైనంతవరకు మీకూ చెబుతాను. మన ఇళ్ళల్లో ఉద్యోగాలు చేసే పిల్లలు ఉన్నారు కాబట్టి పనికొస్తుంది.

చట్టం వచ్చిన రెండేళ్ళకే, 1874లో, కలకత్తా హైకోర్టుకు ఒక తగాదా వచ్చిందట. ఒకే పేటలో ఇద్దరు వ్యాపారులు. పోటీ పడలేక ఒకాయన రెండో ఆయనతో, "నువ్వు ఇక్కడ దుకాణం మూసేయి, నీ పనివాళ్ళకు నువ్వు ఇచ్చుకున్న బయానాలు నేను ఇచ్చుకుంటాను" అన్నాడు. పాపం ఆయన మూసేశాడు. మొదటాయన డబ్బు ఇవ్వలేదు. కోర్టుకెక్కితే, వ్యాపారం మానిపించే ఒప్పందమే చెల్లదు కాబట్టి డబ్బు కూడా రాదు పొమ్మన్నారు. ఒక్క పేటకే పరిమితమైన ఆంక్ష కదా అన్నా వినలేదు. కొంచెం ఆపినా ఆపినట్టే అన్నారు. మూసేసినాయనకు అన్యాయమే జరిగిందని నాకనిపించింది గాని, చట్టం ఎంత గట్టిదో మాత్రం తెలిసింది.

ఇక ఉద్యోగంలో ఉన్నప్పటి మాట. 1967లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు అది. కల్యాణ్‌లో టైర్లలో వేసే దారం తయారుచేసే ఫ్యాక్టరీ. విదేశీ కంపెనీ నుంచి పని కిటుకులు తెచ్చుకుని, వాటిని ఒక ఉద్యోగికి నేర్పించి, అయిదేళ్ళు చేస్తానని 1963లో రాయించుకున్నారు. ఆయన రెండేళ్ళు తిరక్కుండానే ఎక్కువ జీతానికి కోటాలో అదే దారం తీసే ఇంకో కంపెనీకి వెళ్ళిపోయాడు. సుప్రీంకోర్టు ఆయన్ను తప్పుపట్టింది. ఒప్పుకున్న గడువు తీరేదాకా పోటీవాడి దగ్గర ఆ పని చేయకూడదంది. ఉద్యోగం గడువు లోపల పెట్టే కట్టుబాటు మామూలుగా చెల్లుతుందన్నమాట.

మానేసిన తర్వాతి సంగతి 1980లో వచ్చింది. సరుకుల నాణ్యత పరీక్షించే ఒక కంపెనీకి ఢిల్లీలో బ్రాంచి మేనేజరుగా ఉన్నాయన. మానేశాక రెండేళ్ళు అక్కడ అదే పని చేయొద్దని షరతు. కంపెనీయే ఆయన్ని తీసేసింది. బతకాలి కదా, ఆయన అదే వ్యాపారం సొంతంగా పెట్టుకున్నాడు. కంపెనీ ఆపమంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కోర్టు ఆపలేదు.

"క్రికెట్ చూస్తారా చెల్లెమ్మా?" అని నన్నడిగారు వకీలు సాబు. మా వారు చూస్తుంటే వంట చేయడం నా పని అని చెప్పాను. "జహీర్ ఖాన్ తెలుసు కదా, ఎడమచేతి బౌలరు. ఆయన ప్రకటనల వ్యవహారం చూసే కంపెనీతో మూడేళ్ళ ఒప్పందం. అది తీరాక ఇంకొకరితో ఒప్పందం చేసుకోవాలంటే ముందు ఈ పాత కంపెనీకి చూపించాలని, వాళ్ళు అంతే ఇస్తామంటే వాళ్ళకే రావాలని షరతు. 2006లో సుప్రీంకోర్టు, గడువు తీరిన తర్వాత ఆ షరతు మనిషిని కట్టిపడేయలేదు అన్నది."

"మరి బాండ్లు రాయించుకుంటారు కదండీ? మా చెల్లెలి కొడుకును బ్యాంకులో రెండు లక్షలకు రాయించుకున్నారు" అన్నాను.

"అది అడగండి" అన్నారాయన. "2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మూడేళ్ళలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును ఒప్పుకుంది. ఎందుకంటారా? అది మానేసినాయన్ను ఇంకోచోట ఉద్యోగం చేయొద్దనలేదు. మధ్యలో వదిలేస్తే మళ్ళీ ప్రకటన వేసి, పరీక్ష పెట్టి ఇంకొకర్ని తీసుకోవాల్సిన ఖర్చు ఉంటుంది కదా, అందుకు ఆ మొత్తం అన్యాయం కాదంది. అందుకని బాండు వేరు, తాళం వేరు. బాండులోనైనా నోటికొచ్చిన అంకె వేసుకుంటే ఇప్పించరు. డెబ్భై నాలుగో సెక్షను ప్రకారం న్యాయమైన పరిహారమే ఇప్పిస్తారు, రాసుకున్న అంకె దానికి పైమెట్టు మాత్రమే."

అప్పుడాయన అమ్మాయి వైపు తిరిగి, కాస్త గంభీరంగా అడిగారు. "కంపెనీ డిజైన్లు ఏమన్నా వెంట తెచ్చుకున్నవా బిడ్డా? కొనేవాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు, ధరల పట్టీలు?"

"లేదంకుల్. ఒక్క కాగితం కూడా తేలేదు."

"మంచిది. అక్కడ కూర్చుని, వాళ్ళ జీతం తింటూ గీసిన డిజైను వాళ్ళది. వాళ్ళ రహస్యాలు వాళ్ళవి. మానేసినా వాటిని బయటపెట్టకూడదు, వాడుకోకూడదు. అది చేస్తే కోర్టు వాళ్ళ వైపే ఉంటుంది. కానీ నీ చేతికి వచ్చిన పని నీది. కంటికి వచ్చిన రంగుల తెలివి నీది. నారాయణపేట అంచు మీ నాయనమ్మ నాటి నుంచి ఈ ఊరిది. దాన్ని ఎవరు దాచిపెట్టగలరు?"

మా వారు ఇంకా తేరుకోలేదు. "మరి చెల్లనప్పుడు అంత పెద్ద కంపెనీ, వకీళ్ళను పెట్టుకున్నవాళ్ళు, ఎందుకు రాస్తారయ్యా?" అన్నారు.

వకీలు సాబు నవ్వారు. "సార్, చెల్లకపోయినా పనిచేస్తుంది కాబట్టి. నాలుగు నెలలు మీ ఇంట్లో పనిచేయలేదా? ఒక్క జడ్జి సంతకం లేకుండా మీ అమ్మాయి మగ్గం ఆగిపోయింది. ముప్పై రూపాయల రిజిస్టరు ఉత్తరం చేసిన పని అది."

ఆ మాట నాకు చెంప మీద కొట్టినట్టు తగిలింది.

ఇదేదో మన దేశపు గొడవే అనుకున్నాను గాని కాదట. ఇంగ్లండులో 1414 నాటి కేసు ఒకటి ఉందిట, చట్టం చదువుకునేవాళ్ళందరికీ తెలిసినది. రంగుల అద్దకం పనివాడొకడు ఆర్నెల్లపాటు ఆ ఊళ్ళో తన పని చేయనని రాసిచ్చాడు. చేశాడంటూ అవతలివాడు కోర్టుకు తీసుకొచ్చాడు. జడ్జికి ఎంత కోపం వచ్చిందంటే, ఆ కాగితం చెల్లదనడమే కాకుండా, రాయించుకున్నవాడు ఎదురుగా ఉంటే రాజుగారికి జరిమానా కట్టేదాకా జైల్లో పెట్టించేవాణ్ణి అన్నాడట! ఆరు వందల ఏళ్ళ కింద ఒక అద్దకంవాడి కోసం అంత కోపపడిన ఆ జడ్జి ఎవరో గాని, ఆయన కడుపు చల్లగుండ.

రాత్రి కాలిఫోర్నియాలో ఉండే మా మరిది కొడుక్కి ఫోను చేసి చెబితే, "పెద్దమ్మా, మా దగ్గరా అంతే. ఇక్కడి చట్టం కూడా 1872 నాటిదే" అన్నాడు. వకీలు సాబును అడిగితే చిత్రమైన సంగతి చెప్పారు. న్యూయార్కు కోసం డేవిడ్ డడ్లీ ఫీల్డు అనే ఆయన రాసిన ముసాయిదా నుంచే మన ఇరవై ఏడో సెక్షనూ, కాలిఫోర్నియా సెక్షనూ వచ్చాయట. అంటే నారాయణపేటా, కాలిఫోర్నియా ఈ విషయంలో అక్కాచెల్లెళ్ళు! కానీ అమెరికాలో మిగతా రాష్ట్రాలు చాలావాటిలో ఇలాంటి షరతులు ఏదో ఒక మేరకు చెల్లుతాయిట. 2024లో అక్కడి కేంద్ర ప్రభుత్వ సంస్థ దేశమంతటా వీటిని తీసేస్తామని నియమం తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో టెక్సాసు కోర్టు దాన్ని కొట్టేసింది. 2025లో ఆ సంస్థ అప్పీలు కూడా వదులుకుంది. కాబట్టి పిల్లల్ని అమెరికా పంపినవాళ్ళు ఏ రాష్ట్రమో కనుక్కుని మరీ కాగితం చదివించుకోవాలి.

ఇంటికొచ్చి అత్తమ్మకు చెప్పాను. 1872, 1967 అన్నీ చెబితే ఆమెకేం పడుతుంది? ఉద్యోగంలో ఉన్నంతకాలం వాళ్ళదే మాట, బయటికొచ్చాక చెయ్యి మనదే, వాళ్ళ గుట్టు మాత్రం బయటపెట్టకూడదు అన్నాను.

"గింతేనా?" అంది. "ఇది మాకు ఎరికలేదా? పడుగు ఎక్కిచ్చినమంటే ఎనిమిది చీరలు దిగేదాంక ఆ షావుకారుకే నెయ్యాలె. నడుమల ఇడిసిపెడితే తప్పు. షావుకారు ఇచ్చిన నూలు దాసుకున్నా తప్పే. పడుగు దిగినంక ఎవ్వరి చెయ్యి వాళ్ళదే."

పద్నాలుగు పేజీలూ, అన్ని తీర్పులూ మూడు ముక్కల్లో!

అమ్మాయి పకపకా నవ్వి, "నాయనమ్మా, శివాజీ మహారాజు గనక ఇలాంటి కాగితం రాయించుకుని ఉంటే నారాయణపేట చీరే ఉండేది కాదు కదూ?" అంది. మా ఊళ్ళో ఒక కథ చెప్పుకుంటారు. శివాజీ ఈ దారిన వెళుతూ ఇక్కడ మజిలీ చేశాడనీ, ఆయన వెంట వచ్చిన నేతగాళ్ళు కొందరు ఇక్కడే ఉండిపోయారనీ, మా అంచుల్లో మరాఠా పోకడ అందుకే వచ్చిందనీ. వాళ్ళు రాజు కొలువు వదిలి, ఆ విద్య చేతుల్లో పెట్టుకుని ఇక్కడ మగ్గం వేసుకోబట్టే కదా ఈ ఊరికి పేరొచ్చింది!

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ వకీలు సాబు ఇంట్లో విన్న మాట ఇంకొకటి నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. లేచి వస్తుంటే ఆయన మామూలుగా అన్నారు: "ఇంగ్లీషులో రాస్తే కొత్తగా కనిపిస్తుంది గాని, మన పాలమూరుకు ఇది కొత్తా సార్? మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెట్టి, అది తీరేదాకా ఇంకొకడి పనికి పోవద్దని కట్టేసి, డ్యాముల పనులకు లారీల్లో ఎక్కించుకు పోలేదా? 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం చేసినప్పుడు, ఇచ్చిన అప్పు కింద మనిషి ఇంకోచోట పనిచేసుకునే స్వేచ్ఛను లాగేసుకోవడాన్ని కూడా అందులో చేర్చారు."

నేను చెప్పుల్లో కాలు పెడుతూ ఆగిపోయాను.

మా ఇంట్లో పనిచేసే ఆమె ఎనిమిదేళ్ళుగా ఉంది. కిందటేడు కొడుకు కాలేజీ ఫీజుకని అడిగితే పదివేలు ఇచ్చాను. వడ్డీ లేదు, కాగితం లేదు. ఇచ్చినందుకు నాకు నేనే భుజం తట్టుకున్నాను. రెండు నెలలకు ఎదురింట్లోకి కొత్తవాళ్ళు దిగారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు. సాయంత్రం వంటకు మనిషి కావాలన్నారు, నెలకు రెండున్నర వేలిస్తామన్నారు. ఈమె నన్ను అడిగింది. మా ఇంటి పని పొద్దుటితో అయిపోతుంది. సాయంత్రం ఆమె ఖాళీయే.

నేనేమన్నానో తెలుసా? "నా బాకీ తీరేదాకా ఎక్కడా ఒప్పుకోకు. ఆ తర్వాతైనా ఎదురింట్లో మాత్రం వద్దు" అన్నాను. ఎందుకని? వంకాయ కూర, పచ్చిపులుసు, పూర్ణాలు ఆమెకు నేను నేర్పాను. నా చేతి రుచి ఎదురింటికి పోతుందని! రేపు ఆ ఇంటావిడ ఇంకో అయిదువందలు ఎక్కువిచ్చి పొద్దుటిపూట కూడా లాక్కుంటుందని! ఆమె "సరే అమ్మా" అంది. మళ్ళీ ఎత్తలేదు. నెలకు రెండున్నర వేలు, పది నెలలు. లెక్క కట్టడానికి మా వారు అక్కర్లేదు. నేనిచ్చిన పదివేలకు నేను తీసుకున్నది పాతికవేలు.

నా దగ్గర పద్నాలుగు పేజీలు లేవు, సంతకం లేదు, రిజిస్టరు ఉత్తరం లేదు. ఒక్క మాట. అయినా పనిచేసింది. ఆ కంపెనీవాళ్ళను నాలుగు నెలలు తిట్టిన నోరే అది.

మర్నాడు పొద్దున ఆమె గిన్నెలు తోముతుంటే వెళ్ళి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. "ఎదురింట్లో ఇంకా మనిషి దొరకలేదట. సాయంత్రాలు పోయి చెయ్యి. ఆ రోజు నేను అట్ల అనకుండ ఉండాల్సింది" అన్నాను.

చేతులు ఆపి నా మొహం చూసింది. "బాకీ ఇంక ఆరువేలున్నదమ్మా" అంది.

"ఉంటే ఉన్నది. నీకు అయినప్పుడు ఇద్దువు. దానికీ దీనికీ సంబంధం లేదు."

కాసేపు గిన్నె మీదే చూపు నిలిపి, "మా అమ్మనాయిన గూడ మేస్త్రీ బాకి తీరినంకనే ఊరికి తిరిగొచ్చిన్రమ్మా. అప్పటికి మా తమ్ముడికి నడక వచ్చింది, వాడు వాళ్ళను గుర్తుపట్టలే" అంది. అంతే, మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ళలో ఆ మాట ఎన్నడూ చెప్పలేదు నాకు. నేను అడిగితే కదా!

ఆ సాయంత్రం నుంచి ఎదురింట్లో చేస్తోంది. నా భయం నిజం కాలేదు. ఉదయం మా ఇంటికి మానలేదు. కాకపోతే ఎదురింటావిడ గుల్బర్గా వైపు మనిషి. ఆమె దగ్గర జొన్నరొట్టెలు పలుచగా, పొంగేలా చేయడం నేర్చుకుని వచ్చి, మా ఇంట్లో చేసి పెట్టింది. మా వారు నాలుగు తిని, "ఇన్నేళ్ళూ మనం తిన్నవి ఏమిటోయ్?" అన్నారు. అవి నేను నేర్పిన రొట్టెలు! సరేలెండి, అదో శిక్ష.

అమ్మాయి తరఫున వకీలు సాబు కంపెనీకి జవాబు రాశారు. మీ డిజైన్లు గాని రహస్యాలు గాని మా దగ్గర లేవు, వాడుకోం, మానేశాక పనిచేయొద్దన్న షరతు ఇరవై ఏడో సెక్షను కింద చెల్లదు, అని ఒకటిన్నర పేజీ. ఇంతవరకు బదులు రాలేదు. రేపు రావచ్చు, కోర్టుకు ఈడ్చవచ్చు, తిరగాల్సి రావచ్చు. "వస్తే చూద్దాం" అంటున్నారు మా వారు. ఆయన నోట ఆ మాట రావడమే పెద్ద విశేషం. ఇప్పుడు వీధిలో ఏ పిల్లకు ఉద్యోగం వచ్చినా, పేడా తీసుకుంటూనే, "కాగితం అంతా చదివిన్రా? మానేసినంక ఏం చెయ్యొద్దన్నరో చూసిన్రా? సంతకానికి ముందే అడగండి, తీసెయ్యమంటే తీసేస్తారేమో" అని పాఠం చెబుతున్నారు. పేడా ఇచ్చినవాళ్ళు మళ్ళీ మా గడప తొక్కడం లేదు గాని, కాగితం మాత్రం చదువుతున్నారని విన్నాను.

కిందటి గురువారం మంచిరోజని పడుగు ఎక్కించారు. మా అత్తమ్మకు కళ్ళు ఆనకపోయినా మగ్గం పక్కనే కూర్చుని, నాడె చప్పుడు వింటూ, "ఆగు, అంచుల పోగు తెగింది" అంటోంది. చూస్తే నిజంగానే తెగి ఉంటోంది.

ఎనిమిది చీరల్లో మొదటిది నాకని ముందే చెప్పాను కదా. మొన్న అమ్మాయిని పిలిచి మాట మార్చాను. మొదటిది గిన్నెలు తోమే ఆమెకు ఇవ్వమన్నాను. నాది రెండోది. రంగు మాత్రం నేనే చూస్తాను. వెనక్కి తిప్పి కూడా చూస్తాను.